సంచిలోనే ఉండిపోయిన కట్టె

మా దుకాణానికి కొత్తగా వచ్చేవాళ్ళు మొదట చూసేది తుపాకుల్ని కాదు, ఇనుమును తిప్పి కోసే లేతు మిషన్ను. నిలువెత్తు మనిషి పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత పొడవు. ఆకుపచ్చ రంగు. ఇప్పటికీ తళతళలాడే పట్టాలు. "అబ్బ, ఎంత పెద్ద మిషనో" అంటారు. నేను తల ఊపుతాను. దాని మీద మరలు, పిన్నులు, చిన్నాచితకా సామాను తప్ప ఇంకేమీ చేయలేమని వాళ్ళకు చెప్పను. తుపాకులు బాగుచేసే దుకాణంలో తుపాకి నాలి, అదే గొట్టం, పట్టని లేతు ఎందుకు కొన్నావని ఎవరైనా నిలదీస్తే మాత్రం నా దగ్గర ఒకే జవాబు ఉంది. కుళ్ళు వల్ల కొన్నాను.

పక్క దుకాణం వాడి మీదో, తోడబుట్టినవాడి మీదో కుళ్ళుకుంటే నలుగురిలో చెప్పుకోవచ్చు. వినేవాళ్ళు కూడా "అవునవును, వాడు అంతే" అని వంత పాడతారు. నాది కట్టుకున్న పెళ్ళాం మీద. నవ్వాలని ఉంటే ఇప్పుడే నవ్వేయండి, తర్వాత నవ్వితే నాకు కోపం వస్తుంది.

మాది కరీంనగర్. ఇనుప సామాన్ల దుకాణాలున్న గల్లీలో మా బాపు పెట్టిన దుకాణం, దాని వెనకే మా ఇల్లు. తుపాకులు మేము చేయం, అమ్మం. లైసెన్సు ఉన్నవాళ్ళ తుపాకులు బాగుచేస్తాం, అంతే. మక్కజొన్న చేలల్లో అడవిపందుల్ని బెదరగొట్టే రైతుల తుపాకులు, బ్యాంకుల ముందు స్టూలు వేసుకుని కూర్చునే గార్డుల తుపాకులు, పాత దొరల ఇళ్ళల్లో గోడకు వేలాడి వేలాడి మనవల కాలానికి వచ్చిన జంట గొట్టాల దునాలీలు. ఎలక్షన్లు వస్తే ఇవన్నీ పోలీసు ఠాణాలో జమ చేయాలి. అయిపోయాక ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. అన్ని రోజులు నూనె చుక్క తగలక తుప్పు పట్టి, మరలు బిగుసుకుపోయి, అన్నీ ఒకేసారి మా గడప ఎక్కుతాయి. నాయకులకు ఎలక్షన్లు ముందు పండగ, మాకు తర్వాత పండగ.

లైసెన్సు ఇప్పుడు నా పేరు మీద ఉంది, బోర్డు మీద పేరు కూడా నాదే. కానీ దుకాణంలో చివరి మాట బాపుది. మనిషి మాట పొదుపు. చేసిన పనిని చేతికిస్తే బొటనవేలి గోరుతో అతుకు మీద అటూ ఇటూ ఒకసారి గీస్తాడు. బాగుంటే ఏమీ అనడు, చాయ్ అడుగుతాడు. బాగాలేకపోతే "మల్ల" అంటాడు. 'మల్ల' అంటే మొదటినుంచి మళ్ళీ చెయ్యమని. నా పదహారో ఏట ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఈ ముప్పై ఏళ్ళలో నేను విన్న 'మల్ల'లు లెక్కపెడితే ఇనుప బీరువా నిండుతుంది. చాయ్ అడిగించుకున్న రోజులూ లేకపోలేదు. కానీ నేను ఎదురుచూసింది చాయ్ కోసం కాదు. బాపుకు పని నేర్పిన పెద్దాయన చివరి రోజుల్లో ఆయనతో ఒక మాట అన్నాడట, "చెయ్యి తిరిగింది" అని. ఆ మాట పడ్డాక పనివాడికి ఇంకొకరు నేర్పేది ఏమీ ఉండదు. బాపు ఆ మాట చెప్పుకుంటున్నప్పుడల్లా గొంతు మారేది. ఆ మాట నాతో అంటాడని ముప్పై ఏళ్ళు చెవులు రిక్కించుకుని ఉన్నాను.

అన్నాడు. నాతో కాదు.

మా ఆవిడది ఆదిలాబాద్ వైపు. వాళ్ళ నాన్న కట్టెపని చేసేవాడు. వద్దు అనడానికి ఆమె ఇప్పటికీ "నక్కో" అంటుంది, మా గల్లీలో అందరూ ఆమెను అలాగే వెక్కిరిస్తారు. పెళ్ళైన కొత్తలో దుకాణంలోకి చాయ్ గ్లాసులు తీసుకుపోవడానికి తప్ప వచ్చేది కాదు. నన్ను కన్న మా అవ్వ పోయాక, బాపు కళ్ళు మసకబారాక, ఆయనే పిలిచాడు. "బిడ్డా, జర గీ నాలి మీద నంబరు సదివిపెట్టు" అని. నంబర్లు చదివింది. తర్వాత లైటు పట్టుకుంది. తర్వాత పగిలిన కుందాలకు, అదే, భుజానికి ఆనించే చెక్కలకు అతుకులు వేసింది. కట్టె ఆమె పుట్టింటి పని, దానికి నేనూ మెచ్చుకున్నాను. మెచ్చుకోవడం తేలికే, కట్టె నా పని కాదు కదా. లైసెన్సు కాయితాల్లో పనిచేసేవాళ్ళ కింద ఆమె పేరు కూడా ఎక్కించాం. తర్వాత ఆకురాయి పట్టింది. ఆ తర్వాత ఒకరోజు నేను బజారు నుంచి వచ్చేసరికి లేతు ముందు నిలబడి ఉంది. బాపు పక్కన కుర్చీలో కళ్ళు మూసుకుని, మిషన్ చప్పుడు వింటున్నాడు.

నాకు అప్పుడే కన్ను కుట్టింది. కానీ మొగుణ్ణి కదా, బయటపడలేదు.

అసలు మంట మొదలైంది ఒక ఏక్‌నాలి దగ్గర. వేములవాడ వైపు నుంచి ఒక ముసలి పటేలు తెచ్చాడు. ఒకటే గొట్టం, దాని వెనక కొస అరిగి వదులైంది. దానికి ఒక ఇనుప కట్టును లేతు మీద తిప్పి బిగించాలి. కట్టు లోపలి వైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే కొలత ఉండాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టదు. నేను తిప్పాను. బాపు గోరు పెట్టి "మల్ల" అన్నాడు. మళ్ళీ తిప్పాను. "మల్ల." మూడోసారి కూడా అదే అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మిషన్ అరిగింది బాపు! నడుమ పల్లం పడ్డది. దాని మీద దేవుడు దిగొచ్చి తిప్పినా గింతే" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అని ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

మిషన్ అరిగిన మాట నిజం. బాపు కుర్రతనంలో పాతదే కొన్న మిషన్ అది, పట్టాల మధ్య పల్లం ఉంది, ఏం కోసినా సన్నగా ఒక అల వస్తుంది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ మధ్యాహ్నం మా ఆవిడ ఒక న్యూస్ పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి కోసే ఉలి కింద ఎత్తుకు దూర్చి, పనిని పల్లం లేని కొసకు జరిపి, గంటన్నర నిలబడి ఆ కట్టు తిప్పింది. బాపు చేతిలో పెట్టింది. ఆయన గోరు అటు పోయింది, ఇటు వచ్చింది. మళ్ళీ పోయింది. చాయ్ అడుగుతాడనుకున్నాను.

"చెయ్యి తిరిగింది, బిడ్డా" అన్నాడు.

ఆ పూట నాకు అన్నం ముద్ద గొంతు దిగలేదు. "ఏందయ్యా, కూరల ఉప్పెక్కువైందా?" అంది మా ఆవిడ. లేదు. ఉప్పు సరిగ్గా ఉంది. కూర కూడా బాగుంది. అది ఇంకో మంట.

ఆ తర్వాత నేను చేసిన పనులు చెప్పుకుంటే సిగ్గు. ఆమె వాడే ఆకురాయిని తీసి అటక మీద పెట్టి, వెతుక్కుంటుంటే నేనూ ఆమెతో పాటు వెతికాను. ఆ పటేలు వచ్చి తుపాకి చూసుకుని "పని మంచిగైంది" అంటే "నేనే చేసిన, మూడు దినాలు పట్టింది" అన్నాను. ఆమె తలుపు వెనకే ఉంది, విన్నది. ఆయన పోయాక కొట్లాడుతుందనుకుని నేను నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె నవ్వింది.

"చెప్పుకో, నాకేం పోయింది? రేపు గది ఆయన చేతుల పగిలితే నువ్వే జిమ్మేదారు" అంది.

కొట్లాడి ఉంటే బాగుండేది. కొట్లాడని మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

అప్పుడే నా బుర్రలో ఒక లెక్క పడింది. ఆమె గొప్పతనమంతా ఆ పాత మిషన్లో ఉంది. దాని పల్లం ఆమెకు తెలుసు, దాన్ని బుజ్జగించడం తెలుసు. పల్లం లేని మిషన్ తెస్తే? అప్పుడు బుజ్జగించే పని ఉండదు, ఇద్దరం సమానం. ముప్పై ఏళ్ళ అనుభవం నాది, నాలుగేళ్ళది ఆమెది. చూద్దాం ఎవరి చెయ్యి తిరిగిందో. ఆ రోజు నుంచి "మిషన్ మార్చాలె" అని బాపు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చివరికి ఆయన సరేనన్నాడు.

మంచిర్యాలలో బొగ్గుబావుల సామాను చేసే ఒక వర్క్‌షాపు మూసేస్తున్నారని, అక్కడ రెండు లేతులు అమ్మకానికి ఉన్నాయని కబురు వచ్చింది. బాపు మోకాళ్ళతో అంత దూరం పోలేడు. నన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"మిషన్ పొడుగు చూడకు, రంగు చూడకు. తలకాయ నడుమ పొక్క ఉంటది చూడు, గది చూడు. మన నాలి దాంట్ల దూరి అవతల పోవాలె. దూరకుంటే గా మిషన్ మనకు పనికి రాదు."

లేతు తలలో పనిని పట్టుకునే చక్ ఉంటుంది, దాని నడుమ నుంచి తల వెనక దాకా ఒక రంధ్రం ఉంటుంది. నాలిని అందులోంచి దూర్చి, పని చేయాల్సిన కొసను మాత్రం బయట ఉంచి బిగిస్తాం. అందుకే ఆయన ఆ పొక్క మీద అంత పట్టు పట్టాడు. చిక్కేమిటంటే, కొలత చూడడానికి నాలిని మంచిర్యాల దాకా మోసుకుపోలేం. బాగు చేయడానికి వచ్చిన తుపాకి గానీ, దాని నాలి గానీ దుకాణం గడప దాటడానికి మా లైసెన్సు ఒప్పుకోదు. బస్సులో నాలి పట్టుకుని కూర్చుంటే మంచిర్యాల కాదు, దారిలో మొదటి ఠాణాకు చేరతాను.

అందుకని బాపు మా ఆవిడకు పురమాయించాడు. ఆమె ఒక టేకు కట్టెను, మూరెడు పొడవుది, పాత లేతు మీద తిప్పింది. దుకాణంలో ఉన్న నాలుల్లో అన్నిటికంటే లావుదాని వెనక కొస ఎంత ఉందో అంత. బాపు ఒక చేతిలో నాలి, ఒక చేతిలో కట్టె పట్టుకుని వేళ్ళతో చుట్టి చూశాడు, గోరు పెట్టి చూశాడు, చాయ్ అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, "కోడలిని గూడ తోల్కపో. ఆమె చూస్తది" అన్నాడు.

ఆమె చూస్తదట! లైసెన్సు ఉన్నవాణ్ణి నేను, డబ్బు కట్టేవాణ్ణి నేను, మిషన్ కొనడానికి పోతూ పెళ్ళాన్ని గుడ్డివాడి కర్రలా వెంట తీసుకుపోవాలి.

"ఆమె వస్తే నీకు అన్నమెవలు పెడ్తరు బాపు? పొద్దుగూకుతది వచ్చేసరికి" అన్నాను. నా గొంతులో తండ్రి మీద ప్రేమ ఎంత బాగా పలికిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. మా ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, "నక్కో మామా, ఆయన్నే పోనీ" అంది. తెల్లారి నాకు రొట్టెలు కట్టి, పాత చీర అంచు చింపి ఆ కట్టెకు చుట్టి, ముడి వేసి, సంచిలో పెట్టింది. "మర్వకు. దూర్చి చూడు" అంది గుమ్మం దాకా వచ్చి.

బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కేదాకా ఆ సంచి నా ఒళ్ళోనే ఉంది. కట్టె నా పొట్టకు గుచ్చుకుంటూనే ఉంది.

వర్క్‌షాపు ఆయన పెద్దవాడు, చేతులు నా చేతుల్లాగే నల్లగా ఉన్నాయి. రెండు మిషన్లు చూపించాడు. ఒకటి పొట్టిది, పాతది, రంగు ఊడింది, తలకాయ మాత్రం మోటుగా లావుగా ఉంది. రెండోది ఈ ఆకుపచ్చది. ఇంకో ఇద్దరు బేరగాళ్ళు కూడా ఆకుపచ్చదాని చుట్టే తిరుగుతున్నారు.

"నీకేం పనికి?" అని అడిగాడు పెద్దాయన.

"తుపాకుల పని" అన్నాను, అందరికీ వినపడేలా. ఆ ఇద్దరూ తల తిప్పి చూశారు. నాకు ఛాతీ ఒక అంగుళం పొంగింది.

"అట్లయితే గా పొట్టిది చూడు. దాని పొక్క పెద్దగుంటది" అన్నాడాయన.

చూడండి, సాక్షాత్తూ అమ్మేవాడే చెప్పాడు. నేనేమనుకున్నానంటే, ఎవరూ కొనని తుక్కును నాకు అంటగడుతున్నాడు అనుకున్నాను. అంతకంటే లోపల ఇంకో సంగతి ఉంది, అది చెప్పకపోతే ఈ రాతంతా దండగ. మా ఆవిడే గనక వచ్చి ఉంటే ఆ పొట్టిదాని దగ్గరే ఆగేది. నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. అందుకే నేను పొడవుదాని దగ్గర ఆగాను.

మిషన్ ఆడించమన్నాను. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, తిరుగుతున్న మిషన్ తల మీద అంచున నిలబెట్టాను. ఇది బాపు దగ్గర నేర్చిన పరీక్ష, మిషన్ వణికితే బిళ్ళ పడిపోతుంది. పడలేదు. కదలను కూడా లేదు. బేరగాళ్ళలో ఒకడు "వహ్వా" అన్నాడు. నేను వంగి రంధ్రంలోకి చూశాను. అవతలి గోడ కనిపించింది. పెద్దదే అనిపించింది. సంచి నా భుజానికే ఉంది, కట్టె అందులోనే ఉంది, చెయ్యి పెట్టి తీస్తే రెండు నిమిషాల పని. నాకు ఆ రెండు నిమిషాలు తలకొట్టేసినంత పని. నలుగురిలో పెళ్ళాం చేసిచ్చిన కట్టె తీసి, ఆమె పెట్టిన ముడి విప్పి, అది ఒప్పుకుంటేనే నేను కొనాలి. తీయలేదు. ఆకుపచ్చదే ఖాయం చేశాను. పొట్టిదాన్ని నా కళ్ళ ముందే ఆ ఇద్దరిలో ఒకడు బేరం చేసుకున్నాడు, నేను వాడి మీద జాలిపడ్డాను.

వారానికి మిషన్ వచ్చింది. డీసీఎం వ్యాను లోంచి దించడానికి ఎనిమిది మంది పట్టారు. గల్లీ గల్లీ అంతా వచ్చి చూసింది. కరెంటు ఇచ్చి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి, కొబ్బరికాయ కొట్టాం. బాపు వచ్చి మిషన్ను ఆ కొస నుంచి ఈ కొస దాకా గొడ్డును నిమిరినట్టు నిమిరాడు.

"పొడుగున్నది" అన్నాడు. తర్వాత, "కట్టె దూరిందా?" అన్నాడు.

"దూరింది బాపు. సులువుగ దూరింది" అన్నాను. దండం పెట్టిన చేతులు ఇంకా విప్పలేదు నేను.

ఆయన లోపలికి పోయి అన్నం తింటున్నాడు. అందరూ వెళ్ళిపోయారు. నేను ఆ లావు నాలిని తెచ్చి రంధ్రానికి ఆనించాను. దూరలేదు. తిప్పి పెట్టాను, దూరలేదు. ఇంత పెద్ద మిషన్లో చిటికెన వేలి మందం తక్కువ. రంధ్రం పెంచుదామంటే అది మిషన్ గుండెకాయ, ముట్టుకోవడానికి లేదు. అంతకంటే సన్నగా ఉన్న ఇంకో నాలి పెట్టాను. అదీ అంతే.

"కట్టె దూరిందంటివి గద?" అంది మా ఆవిడ వెనక నుంచి. ఎప్పుడొచ్చిందో తెలియదు.

దొరికిపోయినవాడికి గొంతు పెద్దది. "దూరింది! దూరకుంటే కొంటనా? నీ కట్టెనే సన్నం. నువ్వే కొలత తప్పినవ్!" అని అరిచాను.

"ఏందది?" అన్నాడు బాపు లోపల నుంచి.

ఇప్పటికైనా ఆగి ఉండవచ్చు. ఆగలేదు. "నాలి దూరుతలేదు బాపు! నీ కోడలు కట్టె సన్నగ చేసి ఇచ్చింది!" అన్నాను.

లోపల కంచం పక్కకు జరిపిన చప్పుడైంది. "నేనే చూసి ఇస్తిగద" అన్నాడు మెల్లగా, తన వేళ్ళ మీద తనకే అనుమానం వచ్చినట్టు. తర్వాత, "సరే. కట్టె తీసి పెట్టుండ్రి. పండుకొని లేచి మల్ల చూస్త" అన్నాడు.

అంటే గంటా గంటన్నర. ఆయన లేచి ఆ కట్టె మీద గోరు పెడితే ఇద్దరిలో ఒకరం మిగులుతాం. కట్టె కొలత సరిగ్గా ఉంటే నేను అబద్ధాలకోరును, దండగమారి మిషన్ కొన్నవాణ్ణి. తక్కువుంటే ఆమె చెయ్యి తిరిగిన చెయ్యి కాదు. తక్కువ లేదని నాకు తెలుసు. సంచి మేకుకు వేలాడుతోంది, మంచిర్యాల నుంచి వచ్చి తగిలించింది తగిలించినట్టే. పొయ్యిలో పెట్టేద్దామా అనిపించింది. అంత ధైర్యం కూడా లేదు నాకు.

మా ఆవిడే సంచి దించింది. చెయ్యి పెట్టి కట్టె తీసింది. చీర అంచు చుట్టినట్టే ఉంది. ముడి ఆమె వేసిన ముడే. దాన్ని చూసింది, నన్ను చూసింది. నేను గోడ వైపు చూశాను. ఇప్పుడు లోపలికి పోయి బాపు చేతిలో ఆ ముడి పెడుతుంది, అయిపోయింది అనుకున్నాను. పెట్టాలి కూడా. నేనైతే పెట్టేవాణ్ణి, ఊరంతా పిలిచి పెట్టేవాణ్ణి.

ఆమె పళ్ళతో ముడి విప్పింది. గుడ్డ మడిచి నడుములో దోపుకుంది. కొత్త మిషన్ దగ్గరకు పోయి కట్టె కొసను చక్‌లో బిగించి, స్విచ్చి వేసింది.

"ఏం చేస్తున్నవ్?"

"చుప్ ఉండు. మామ లేవకముందే కావాలె."

ఆ మిషన్ను ఆమె ముట్టుకోవడం అదే మొదటిసారి. నేను ఎన్ని రోజుల నుంచో దాని మీద మొదటి కోత నాదే అని కలలు కన్నాను. టేకు పొట్టు సన్నగా, పొడవుగా, ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టలుగా ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఒక వైపు అయ్యాక తిప్పి బిగించి రెండో వైపు కోసింది. ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ఉరకలేదు. ఆ పరిస్థితిలో కూడా, దేవుడి మీద ఒట్టు, నేను కుళ్ళుకున్నాను. నా కోసమే చేస్తోంది, నా పరువు కోసం తన పరువు కోసుకుంటోంది, అది తెలుస్తూనే ఉంది. అయినా నా కళ్ళు ఆ కోత మీదే ఉన్నాయి, 'ఇంత బాగా ఎలా కోస్తోంది' అని.

మిషన్ ఆపి, కట్టె తీసి, రంధ్రంలో దూర్చింది. జారి అవతల నుంచి బయటకు వచ్చింది.

"ఇగ దూరింది. నువ్వన్నది నిజమైంది" అంది. కోపం లేదు ఆ గొంతులో. చీపురు తీసుకుని పొట్టు ఊడ్చింది.

బాపు లేచాడు. గోడ పట్టుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చుని చెయ్యి చాచాడు. ఆమె కట్టె ఇచ్చింది. ఆయన వేళ్ళతో చుట్టి చూశాడు.

"సన్నమే ఉన్నది" అన్నాడు.

"అవ్ మామా. నా తప్పే. కొలత తప్పింది" అంది ఆమె తల వంచుకుని.

ఆయన వినలేదు. గోరు కట్టె మీద అటు పోతోంది, ఇటు వస్తోంది. పాత మిషన్ కోతలో ఉండే అల కోసం వెతుకుతోందని నాకు అర్థమైంది. అల లేదు. కట్టెను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పచ్చి టేకు వాసన నేను నిలబడ్డ చోటికి కూడా వస్తోంది.

"గిది ఇయ్యాల్టి కోత. కొత్త మిషన్ మీద కోసిండ్రు. ఎవలు?"

ఆమె క్షణం తడబడింది. "నీ కొడుకే, మామా. మిషన్ ఎట్ల కోస్తదో చూద్దామని గా కట్టెను పెట్టిండు" అంది.

బాపు ఇంకోసారి గోరు పెట్టాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా, నెమ్మదిగా. తర్వాత మసక కళ్ళు నేనున్న దిక్కుకు ఎత్తాడు.

"నున్నగున్నది. చెయ్యి తిరిగింది, కొడుకా" అన్నాడు.

ముప్పై ఏళ్ళు. అబద్ధం చెప్పను, ఒక్క క్షణం ఆ మాటను నేను తీసుకున్నాను. చాలా బాగుంది. ఆ క్షణం అయిపోగానే కడుపులో మళ్ళీ అదే మంట లేచింది, ఎప్పుడూ లేవనంత. ఎందుకంటే అది కూడా ఆమెదే. నా దాకా వచ్చిన ఒక్క మాట కూడా ఆమె చేతికి పడ్డ మాటే. గుమ్మం దగ్గర నిలబడి అరచేతిలో అంటుకున్న టేకు దుమ్ము దులుపుకుంటోంది ఆమె. నా చేత నిజం చెప్పించింది నా మంచితనం అనుకునేరు, కాదు. ఆ కుళ్ళే చెప్పించింది. ఆమె సొమ్ము నా ఒంటి మీద పెట్టుకుని తిరగలేకపోయాను.

"నేను కాదు బాపు. ఆమె కోసింది. కట్టె కొలత మంచిగనే ఉండె. నేను మంచిర్యాలల సంచిల నుంచి తియ్యనే లేదు. ముడి గూడ విప్పలే" అన్నాను. ఏడుపొచ్చింది నాకు, ఏడ్చాను.

"ఎరికే" అన్నాడు బాపు.

"ఎరికేనా?"

"నీ కోత నాకు ఎరిక లేదా కొడుకా? కొసకు వచ్చేసరికి నువ్వు తొందర పడ్తవ్. గీ కట్టెకు తొందర లేదు."

"మరి ఎందుకన్నవ్ గా మాట?"

ఆయన కట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది అడుగుతున్నవ్ గద, నోరు తెరవకుంట. ఇస్తే నాదేం పోతదనుకున్న" అన్నాడు. తర్వాత చాయ్ అడిగాడు.

మా ఆవిడ గుమ్మం దగ్గర నుంచి కదలబోయింది. నేను వద్దని, నేనే లోపలికి పోయి పెట్టాను. చక్కెర ఎక్కువైంది, ఆకు సరిగ్గా మరగలేదు, నా చేతికి అంతే వచ్చు. ఇద్దరూ గ్లాసులు ఖాళీ చేశారు. ఎవరూ "మల్ల" అనలేదు.